మద్దెల నిజంగా ఓడేనా?

ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట వెనకటికి ఎవడో. ఈ సామెతని మనం ఎప్పుడూ ఆడేవాళ్ల మీదే వాడతాం. పాపం ఆ మద్దెలని మాత్రం ఎవరూ టెస్ట్ చెయ్యరు. నిజంగానే అది ఓడుదైతే? పది మీటర్ల ఎయిర్ పిస్టల్ ఆటలో ఇది సరదా ప్రశ్న కాదు, దీని మీద లక్షల రూపాయల లెక్క ఆధారపడి ఉంటుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు తిట్టుకోవచ్చు. నేర్చుకునే పిల్లలకి మొదటి రెండేళ్లు ఖరీదైన పిస్టల్ అక్కర్లేదు. అలాగని చవగ్గా దొరికే ప్రతిదీ పనికిరాదు. మద్దెల పేరు చెప్పి రేకు డబ్బా అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు.

ఈ గొడవంతా నా నెత్తిన ఎందుకు పడిందంటే, మా బాబాయ్ కూతురు తొమ్మిదో క్లాసు. ఏడాదిగా వాళ్ల ఊళ్లో ఒక రేంజ్‌కి వెళ్తోంది, అక్కడి పిస్టల్‌తోనే నేర్చుకుంటోంది. ఈ మధ్య కోచ్ గారు "సొంత పిస్టల్ లేకపోతే ఇక్కడితో ఆగిపోతుంది, ఇంపోర్టెడ్‌ది తీసుకోండి, రెండు లక్షలు రెడీ చేసుకోండి" అన్నారట. పిన్ని గాజులు బ్యాంకులో పెట్టడానికి సిద్ధమైంది. బాబాయ్ నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, కంప్యూటర్లు చదువుతున్నావు కదా, ఏది కొనాలో కాస్త చూసి చెప్పు" అన్నాడు. కంప్యూటర్లు చదివేవాడికి ఫ్యాన్ రిపేర్ నుంచి పిస్టల్ దాకా అన్నీ వచ్చని మన ఇళ్లలో నమ్మకం కదా. సరే, రెండు వారాలు దాని మీదే కూర్చున్నాను. డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ రికార్డ్ ఇప్పటికీ పెండింగే.

పిస్టల్ అనగానే మన హాస్టల్లో అందరూ అడిగేది లైసెన్స్ గురించి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 0.177 అంగుళాల బోర్ దాటకుండా, 20 జౌళ్ల శక్తి దాటకుండా ఉండే ఎయిర్ గన్‌కి లైసెన్స్ అవసరం లేదు. మ్యాచ్ ఎయిర్ పిస్టల్ ఈ హద్దుకి చాలా కింద ఉంటుంది. అర గ్రాము పైచిలుకు బరువున్న సీసపు పెల్లెట్ సెకనుకి 150 మీటర్ల వేగంతో వెళ్తుందనుకుంటే శక్తి సుమారు 6 జౌళ్లు. అయినా బొమ్మ అనుకోవద్దు, కంటికి తగిలితే కన్ను పోతుంది. సీసం కాబట్టి ప్రాక్టీస్ అయ్యాక చేతులు కడుక్కోకుండా సమోసా తినకూడదు. ఇది మా చెల్లికి పదిసార్లు చెప్పాను.

ఇక అసలు విషయం. చవక పిస్టల్‌కి గురి కుదురుతుందా? దీనికి ముందు టార్గెట్ ఎంత ఉంటుందో చూడాలి. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్‌లో పదో వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ వ్యాసం 4.5. పెల్లెట్ అంచు వలయం గీతకి తగిలినా పది ఇస్తారు. అంటే పెల్లెట్ మధ్య బిందువు టార్గెట్ మధ్య నుంచి 8 మిల్లీమీటర్ల లోపు ఉంటే చాలు. 16 మిల్లీమీటర్ల వెడల్పున్న గుండ్రటి జాగా అన్నమాట. ఎయిర్ రైఫిల్‌లో పదో వలయం అర మిల్లీమీటరు చుక్క. రైఫిల్ వాళ్లు లక్షలు పోశారంటే దానికో లెక్క ఉంది. పిస్టల్ వాళ్లు వాళ్లని చూసి అదే పని చేయడం నాకు మాత్రం అర్థం కాలేదు.

గుళ్లు చెదరడానికి రెండు కారణాలు: ఒకటి చెయ్యి, రెండోది పిస్టల్. ఈ రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేని తప్పులు కాబట్టి వాటిని నేరుగా కూడకూడదు, వర్గాలు చేసి కూడాలి. మనం ఫస్టియర్‌లో ప్రాబబిలిటీ క్లాసులో నిద్రపోతూ విన్నదే. కొత్తగా నేర్చుకునే పిల్ల చెయ్యి స్టాండర్డ్ డీవియేషన్ 15 మిల్లీమీటర్లు అనుకుందాం. చవక పిస్టల్ తప్పు 3, ఖరీదైనదాని తప్పు 1 అనుకుందాం. చవకదానితో మొత్తం 15.3 వస్తుంది. ఖరీదైనదానితో 15.03. పైథాన్‌లో ఇరవై లైన్లు రాసి చూశాను. 60 షాట్ల మ్యాచ్‌లో చవకదానితో సగటున 7.7 పదులు వస్తే, ఖరీదైనదానితో 7.9 వచ్చాయి. పిన్ని గాజుల విలువ పావు పది! ఇక్కడే నాకు కోపం వచ్చింది.

ఇప్పుడు అదే లెక్క పైస్థాయి షూటర్‌కి వేద్దాం. చెయ్యి తప్పు 5 మిల్లీమీటర్లే అనుకుంటే, చవకదానితో 60 షాట్లలో 36 లేదా 37 పదులు, మంచిదానితో 42 దాకా వస్తాయి. తేడా ఆరు పదులు. ఫైనల్‌కి వెళ్లడం, ఇంటికి వెళ్లడం అక్కడే తేలిపోతాయి. కాబట్టి కోచ్ గారు చెప్పింది అబద్ధం కాదు, కాకపోతే మూడేళ్లు ముందు చెప్పారు. మద్దెల ఓడో కాదో ఆడేవాళ్లని బట్టి మారుతుంది. ఈ మాట సామెత కట్టినాయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఒక అభ్యంతరం నిజమే. నేను 3 అనీ 1 అనీ అనుకున్న అంకెలు బ్యారెల్ గురించినవి మాత్రమే. పిస్టల్ అంటే బ్యారెల్ ఒక్కటే కాదు కదా. ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు అనుకోండి. టార్గెట్ మీద 8 మిల్లీమీటర్లు తప్పాలంటే సైట్ల వరస ఎంత చెదరాలో తెలుసా? పావు మిల్లీమీటరు. మన కాలేజీ ఐడీ కార్డు మందంలో మూడో వంతు. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు వేలు పిస్టల్‌ని ఆ పావు మిల్లీమీటరు పక్కకి లాగితే పది కాస్తా తొమ్మిది అవుతుంది. అందుకే నా లెక్కలో బ్యారెల్ కంటే ట్రిగ్గర్ ముఖ్యం, దాని తర్వాత గ్రిప్. డబ్బు పెట్టాలంటే అక్కడ పెట్టాలి. రూల్ ప్రకారం ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకి తగ్గకూడదు, మొత్తం పిస్టల్ బరువు 1500 గ్రాములు దాటకూడదు. ఆ 500 గ్రాముల దగ్గర గాజుపుల్ల విరిగినట్టు టక్కున తెగే ట్రిగ్గర్ ఒకటి ఉంటుంది, తుప్పు పట్టిన గడియలా గీసుకుంటూ జరిగే ట్రిగ్గర్ ఒకటి ఉంటుంది. ఒకసారి రెండూ నొక్కి చూస్తే ఇక చెప్పక్కర్లేదు.

ఇలా చూస్తే బజార్లో ఉన్నవి నాలుగు రకాలుగా కనిపించాయి. అన్నిటికన్నా చవకవి స్ప్రింగ్ పిస్టళ్లు, కొన్ని వేలకే వస్తాయి. లోపల స్ప్రింగ్ పిస్టన్‌ని తోస్తుంది, ఆ కుదుపు పెల్లెట్ బ్యారెల్ దాటకముందే చేతికి తెలుస్తుంది. చాలావాటి ట్రిగ్గర్లు నేను చెప్పిన తుప్పు గడియ రకమే. ఇంకో పెద్ద లోపం, ఖాళీగా పేలిస్తే పిస్టన్ పాడవుతుంది. పెల్లెట్ లేకుండా గోడ ముందు నిలబడి ట్రిగ్గర్ నొక్కడం ఈ ఆటలో రోజువారీ సాధన. కర్ణాటక సంగీతంలో సరళీ వరసల్లాంటిది. పైసా ఖర్చు లేని ఆ ప్రాక్టీస్‌ని అడ్డుకునే పిస్టల్ ఎంత చవకైతే ఏం లాభం? నేను రేకు డబ్బా అన్నది వీటినే. పెరట్లో కొబ్బరి చిప్పలు కొట్టుకోవడానికైతే మీ ఇష్టం.

రెండోది కార్బన్ డయాక్సైడ్ రకం. ఒకప్పుడు మ్యాచ్‌ల్లో ఇవే ఉండేవి, తర్వాత గాలి సిలిండర్లు వచ్చి వీటిని పక్కకి నెట్టేశాయి. ఎందుకో కెమిస్ట్రీ పుస్తకంలోనే ఉంది. 20 డిగ్రీల దగ్గర ఈ వాయువు పీడనం సుమారు 57 బార్, 30 డిగ్రీల దగ్గర 72 బార్. 31 డిగ్రీలు దాటితే అది ద్రవంగా ఉండనే ఉండదు. పెల్లెట్ వేగం ఉష్ణోగ్రతతో పాటు మారుతుందన్నమాట. జర్మనీలో ఏసీ హాల్లో ఎలా ఉంటుందో గానీ, మే నెలలో రేకుల షెడ్డు కింద ఉండే మన రేంజ్‌లో పొద్దున ఎనిమిదింటికీ మధ్యాహ్నం రెండింటికీ అది రెండు వేర్వేరు పిస్టళ్లు. మన వాతావరణానికి ఇది వద్దే వద్దు.

మూడోది నాకు బాగా నచ్చింది, సింగిల్ స్ట్రోక్. ప్రతి షాట్‌కి ముందు ఒక లీవర్‌ని ఒక్కసారి తిప్పితే లోపల గాలి ఇరుకుతుంది, అంతే. సిలిండర్ లేదు, పంపు లేదు, గ్యాస్ లేదు. ప్రతిసారీ అంతే గాలి, అంతే వేగం. రష్యాలో ఇజెవ్‌స్క్ నుంచి వచ్చిన బైకాల్ 46ఎం ఈ రకంలో బాగా పేరున్నది. చూడటానికి లేత్ మెషిన్ మీద నుంచి అప్పుడే దించినట్టు మోటుగా ఉంటుంది కానీ బ్యారెల్, ట్రిగ్గర్ రెండూ మ్యాచ్ కోసం చేసినవే. గాలి నింపకుండా ట్రిగ్గర్‌ని మాత్రం సెట్ చేసుకుని ఖాళీ ప్రాక్టీస్ చేయొచ్చు. లోపల చెడిపోయేవి కూడా ఎక్కువగా రబ్బరు సీళ్లే. లోటు ఒక్కటే. 60 షాట్లకి 60 సార్లు లీవర్ తిప్పాలి, దానికి ముందు ప్రాక్టీస్ షాట్లు అదనం. పద్నాలుగేళ్ల పిల్ల చేతికి అది తేలిక కాదు. అలసిన చేత్తో చివరి ఇరవై షాట్లు వణుకుతాయి. కాబట్టి కొనేముందు మ్యాచ్ మొత్తం తిప్పి చూడాలి, షాపులో రెండుసార్లు తిప్పితే చాలదు.

నాలుగోది గాలి సిలిండర్ రకం. మోరిని, స్టెయిర్, వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, పార్దిని లాంటి పేర్లన్నీ ఇక్కడివే. 200 బార్ గాలి నింపుకుంటాయి, రెగ్యులేటర్ ప్రతి షాట్‌కీ కొలిచినట్టు గాలి వదులుతుంది, చెయ్యి అలవదు. ఇందులోనే జూనియర్ల కోసం హేమర్లీ ఏపీ 20 లాంటి సాదా మోడళ్లు కూడా వచ్చాయి. హంగులు తక్కువ, పని అదే. ఇంత చెప్పాక బాబాయ్ "మరి ఖరీదైనవి పాడవ్వవు కదా?" అని అడిగాడు. ఇది అందరికీ ఉండే నమ్మకం. దీనికి సమాధానం టోక్యోలో ఉంది.

2021 జులైలో టోక్యో ఒలింపిక్స్ 10 మీటర్ల క్వాలిఫికేషన్ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించింది. లైన్ వదిలి వెళ్లి బాగు చేయించుకుని తిరిగొచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి. 575 కొట్టి 12వ స్థానంలో ఆగింది. ఫైనల్‌కి రెండు పాయింట్లు తక్కువ. చేతిలో ఉన్నది ప్రపంచంలో దొరికే మంచి పిస్టళ్లలో ఒకటి. అదే ఆటలో మూడేళ్ల తర్వాత పారిస్‌లో ఆమె కాంస్యం గెలిచింది, సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మిక్స్‌డ్‌లో ఇంకొకటి. నాకు దీంట్లో అర్థమైంది ఏంటంటే, నమ్మకం అనేది ధర ట్యాగ్ మీద ఉండదు. చెడిపోయినప్పుడు ఎంతసేపట్లో బాగవుతుంది, విడిభాగం ఎక్కడ దొరుకుతుంది, బాగు చేసే మనిషి ఎంత దూరంలో ఉన్నాడు, ఇవి కలిపితే నమ్మకం. మన సర్వర్ల భాషలో చెప్పాలంటే ఎన్నిసార్లు పడిపోయిందన్నది ఎంత ముఖ్యమో, ఎంతసేపట్లో లేచిందన్నదీ అంతే ముఖ్యం. జిల్లా ఊళ్లో ఉన్న పిల్ల పిస్టల్‌లో ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ చెడితే అది పార్శిల్‌లో ఎక్కడికో వెళ్లి నెలలకి తిరిగొస్తుంది. ఐదు రూపాయల రబ్బరు రింగు మార్చుకుంటే నడిచే పిస్టల్ ఆ ఊరికి మేలు. అందుకే మొదటి పిస్టల్‌కి మెకానికల్ ట్రిగ్గరే అని నా ఓటు.

టోక్యో అంటే పారిస్ నుంచి ఇంకో ముచ్చట. టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ మామూలు కళ్లజోడు పెట్టుకుని, జేబులో చెయ్యి పెట్టుకుని రజతం కొట్టిన ఫొటో మన గ్రూపుల్లో ఎన్ని మీమ్స్ అయిందో. "పరికరాలు ఏవీ అక్కర్లేదు, టాలెంట్ చాలు" అని చాలామంది స్టేటస్ పెట్టారు. ఆయన వదిలేసింది ప్రత్యేక లెన్సులు, కంటి మీద మూతలు. చేతిలో ఉన్నది మాత్రం మ్యాచ్ పిస్టలే. ఫొటోని సరిగ్గా చూస్తే అందులో ఉన్న పాఠం కూడా నేను చెప్పేదే, దేని మీద ఖర్చు పెట్టాలో దేన్ని వదిలేయాలో ఆయనకి తెలుసు.

ఇక రివ్యూ వీడియోల సంగతి. "ఐదు షాట్లు, రూపాయి బిళ్ల సైజు గ్రూప్, సూపర్ అక్యురసీ ఫ్రెండ్స్" అని చూపిస్తారు. దీన్ని కూడా పైథాన్‌లో పెట్టాను. ఒకే పిస్టల్, తప్పు 3 మిల్లీమీటర్లు, ఐదేసి షాట్ల గ్రూపులు పది. సగటున గ్రూప్ వెడల్పు 9 మిల్లీమీటర్ల చిల్లర. కానీ పదిలో మంచి గ్రూప్ 5 దగ్గరికి, చెడ్డది 13 దగ్గరికి పోతోంది. పిస్టల్ మారలేదు, పెల్లెట్ మారలేదు, కేవలం అదృష్టం. వీడియోలో మీకు ఆ 5 చూపిస్తారు. కొనుక్కున్నాక మీకు 13 వస్తే "నా చెయ్యే బాలేదు" అనుకుంటారు. ఐదు షాట్లతో రెండు పిస్టళ్లని పోల్చడం, ఒక్క ఓవర్ చూసి ఇద్దరు బౌలర్లలో ఎవరు గొప్పో తేల్చడం లాంటిది. చూపిస్తే బిగింపులో పెట్టి కనీసం ముప్పై షాట్లు చూపించాలి. మ్యాచ్ పిస్టళ్లతో ఫ్యాక్టరీలో కొట్టిన టెస్ట్ కార్డు వస్తుంటుంది, అది అడగండి. తర్వాత రెండు మూడు రకాల పెల్లెట్లు తెచ్చి అదే పిస్టల్‌తో కొట్టి చూడండి. పిస్టల్ మార్చడం కన్నా పెల్లెట్ డబ్బా మార్చడం ఎంత చవకో చెప్పక్కర్లేదు కదా.

సెకండ్ హ్యాండ్ అంటే మన ఇళ్లలో మొహం చిట్లిస్తారు గానీ, విలువ అనే మాటకి ఈ ఆటలో అసలు అర్థం అక్కడే ఉంది. మంచి మ్యాచ్ పిస్టల్ బ్యారెల్ పెల్లెట్లతో అంత త్వరగా అరిగిపోదు. అమ్మేవాళ్లు పై మోడల్‌కి మారుతున్న షూటర్లు కాబట్టి జాగ్రత్తగానే వాడి ఉంటారు. కానీ ఒకటి చూడకుండా డబ్బు ఇవ్వకండి. గాలి సిలిండర్ మీద తయారీ తేదీ ఉంటుంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం పదేళ్లు దాటిన సిలిండర్‌ని మ్యాచ్‌కి ఒప్పుకోరు. తొమ్మిదేళ్ల సిలిండర్‌తో పిస్టల్ చవగ్గా దొరికిందంటే, కొత్త సిలిండర్ ఖర్చు కూడా ఆ ధరలో కలిపి చూసుకోవాలి. రాత్రి నింపి పీడనం రాసుకుని పొద్దున మళ్లీ చూస్తే లీకేజ్ సంగతి తెలిసిపోతుంది. గ్రిప్ ఏ సైజో కూడా చూడాలి. మా చెల్లి చెయ్యి ఇంకా పెరుగుతోంది. ఇవాళ సరిపోయే చిన్న గ్రిప్ రెండేళ్లకి బిగుతవుతుంది. కొత్తది కొనమని తొందరపెట్టేవాళ్లు ఈ మాట ఎందుకు ఎత్తరో మరి.

"ఈషా సింగ్‌ని చూడండి, చిన్నప్పుడే మంచి పరికరాలు ఇచ్చారు కాబట్టే" అని నాతో వాదించినవాళ్లు ఉన్నారు. హైదరాబాద్ అమ్మాయి, 2018లో పదమూడేళ్లకే జాతీయ చాంపియన్, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు. నిజమే, ఆ స్థాయికి వెళ్లే పిల్లకి మంచి పిస్టల్ పడాల్సిందే, నా లెక్క కూడా అదే చెప్పింది కదా, చెయ్యి తప్పు 5 మిల్లీమీటర్లకి దిగితే ఆరు పదుల తేడా అని. అయితే ఆ పిల్ల ఎవరో ముందే ఎలా తెలుస్తుంది? స్కోర్ బట్టి తెలుస్తుంది. రేంజ్ పిస్టల్‌తో మూడు నెలల స్కోర్లు రాసుకుంటే, ఎక్కడో ఒకచోట గీత పైకి ఎక్కడం ఆగుతుంది. ఆగినప్పుడు, అదే మనిషికి మంచి పిస్టల్ ఒక వారం అప్పుగా ఇచ్చి చూడాలి. స్కోర్ పెరిగితే అప్పుడు గాజుల గురించి మాట్లాడదాం. పెరగకపోతే లోపం ఇంకెక్కడో ఉంది. ఇంత సింపుల్ టెస్ట్ చేయకుండా మొదటి ఏడాదే లక్షలు పెట్టించడం నాకు న్యాయంగా అనిపించలేదు. ఆ డబ్బు పెట్టలేని ఇంట్లో పిల్ల "నాకు పిస్టల్ లేదు కాబట్టి" అని ఆట మానేస్తుంది, అది ఇంకా అన్యాయం.

అప్పుగా ఎవరిస్తారు అంటారా? లైబ్రరీలో పుస్తకం ఇచ్చినట్టు రేంజ్‌లే ఇవ్వాలి. యూనివర్సిటీల మధ్య షూటింగ్ పోటీలు ఏటా జరుగుతాయి, మన కాలేజీ నుంచి ఒక్కరు కూడా వెళ్లరు, ఎందుకంటే మన దగ్గర ఒక్క పిస్టల్ కూడా లేదు. స్పోర్ట్స్ కమిటీకి నా విన్నపం ఇది. ట్రెడ్‌మిల్ ఇంకోటి కొనే బదులు సెకండ్ హ్యాండ్ గాలి పిస్టల్ ఒకటి, సింగిల్ స్ట్రోక్ ఒకటి కొనండి. ఒకటి కుడిచేతి గ్రిప్, ఒకటి ఎడమచేతి గ్రిప్ అయితే ఇంకా మంచిది, మా బ్యాచ్‌లో ఎడమచేతి వాళ్లే ఆరుగురున్నారు. తాళం వేసే బీరువా, సంతకం పెట్టే రిజిస్టర్, పెల్లెట్ ఆగే పెట్టె, పది మీటర్ల కారిడార్ కావాలి. సివిల్ బ్లాక్ వెనక పాత వర్క్‌షాప్ గోడ నుంచి గోడకి నేను టేపుతో కొలిచాను, పద్నాలుగు మీటర్లు వచ్చింది.